సోమవారం తూకం

"ఊపిరి బిగపట్టకు. మామూలుగా నిలబడు."

"మామూలుగానే నిలబడ్డానమ్మా."

టేపు పిచ్చుక నడుము చుట్టూ తిరిగొచ్చి తల్లి బొటనవేలి కింద ఆగింది. ఆవిడ అంకె చూసింది. టేపు వదిలి, కాస్త పైకి జరిపి మళ్ళీ చుట్టింది. మళ్ళీ అదే అంకె. మూడోసారి చుట్టబోతుంటే పిల్ల చేతులు దించేసింది.

"చేతులు లాగుతున్నాయి."

"ఒక్క నిమిషం ఎత్తి ఉంచితే అరిగిపోవులే."

పదకొండింటికి ఆసుపత్రిలో ఉండాలి. పిల్లకి ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఇవాళ్టికి పదహారు వారాలు. మందు కొనసాగించాలా, ఆపెయ్యాలా అన్నది ఇవాళే తేలుతుంది. అలాంటి రోజున, ఇంకా గడప దాటకముందే స్కర్టు హుక్కు దగ్గర పేచీ వచ్చి కూర్చుంది. హుక్కుకీ కాజాకీ మధ్య రెండు వేళ్ళ ఎడం.

నెలలు నిండకుండా పుట్టి, అరచేతిలో ఒదిగేంత ఉందని నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. ఇప్పుడు పన్నెండేళ్ళు. ఆ పేరు బడిలో ఎవరి చెవినా పడకుండా ఉండడానికి ఆ పిల్ల పడే తంటాలు అన్నీ ఇన్నీ కావు.

"ఈ స్కర్టు కుట్టి నెలయింది," అంది తల్లి, పిల్లతో కాదు, గదితో. "వదులుగా కుట్టాను. లోపల మడత కూడా వదిలాను. ఆ మడత విప్పేసినా ఇవాళ హుక్కు అందడం లేదు. తూకాలు రాసే పుస్తకం చూస్తే బరువు ప్రతి సోమవారం తగ్గుతోంది. కాటా ఒకటి చెబుతుంది, టేపు ఒకటి చెబుతుంది. నేను దేన్ని నమ్మాలి?"

"ఉతికితే గుడ్డ కుంచించుకుపోయిందేమో," అంది కిటికీ పక్కన బఠానీలు వలుస్తున్న నాయనమ్మ.

"ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాను అత్తయ్యా. తడిపి ఆరేసి కత్తిరించిన గుడ్డ ఇది. కుంచించుకోవడం గురించి నాకు మీరు చెప్పక్కర్లేదు."

"సరే, చెప్పను. అయితే నన్నెందుకు అట్లా చూస్తున్నావు?"

"వంటింటి బీరువా తాళం నా దగ్గరుంది. మీ గదిలో బిస్కెట్ల డబ్బా మీ దగ్గరుంది."

నాయనమ్మ చేతిలో బఠానీ కాయ చిటుక్కుమంది.

"ఆ డబ్బాలో బిస్కెట్లుండి నాలుగు నెలలైంది. నా మాత్రలున్నాయి అందులో. ఏరా, వింటున్నావా? నీ పెళ్ళాం నన్ను దొంగని చేస్తోంది."

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న కొడుకు వింటూనే ఉన్నాడు. ఒకే బూటు తాడు మూడోసారి కడుతున్నాడు.

ఈ మనిషిది కాటాల మరమ్మతు. బజారులో ఏ దుకాణంలో కాటా మొరాయించినా ఈయనకే కబురు. తూనికల శాఖ ఇచ్చిన లైసెన్సు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. రెండు గ్రాముల తేడా ఉన్న కాటాకి ముద్ర వేయించమని కూరల కొట్టువాడు బతిమాలితే, వాడితో ఏడాదిపాటు మాట మానేసిన ఘనుడు. ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేదు. తల్లికీ పెళ్ళానికీ మాటామాటా వస్తే ఈయనకి బూట్ల మీద భక్తి పుట్టుకొస్తుంది.

"నేను దొంగనని ఎవరూ అనలేదు," అంది తల్లి. "పిల్ల ఒళ్ళు పెరిగింది. గాలి తిని పెరగదు కదా."

"గాలి తిన్నా పెరుగుతుందనే కదా ఆ డాక్టరమ్మ చెప్పింది. దాని మెదడులో ఏదో సరిగా లేదనే కదా. తిండి పెట్టి చెడగొట్టానని పదేళ్ళు నన్ను అన్నావు. రిపోర్టు వచ్చాక కూడా నన్నే అంటావా?"

రిపోర్టు మాట ఎత్తగానే ఇద్దరూ ఆగారు. పిల్లకి ఒక రిసెప్టర్‌లో పుట్టుకతోనే లోపముందనీ, అది అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వచ్చిందనీ అందులో రాసి ఉంది. ఆ కాగితం వచ్చిన రోజుతో, ఎవరి వంశం వల్ల అని పోట్లాడుకునే అవకాశం అత్తాకోడళ్ళకి పోయింది.

"అయినా పిల్ల తగ్గలేదని గొడవ పెడుతున్నావు," అంది నాయనమ్మ. గొంతు మారింది. "నేనెందుకు తగ్గుతున్నానో చెప్పేవాళ్ళు లేరు ఈ ఇంట్లో."

"మీరు తగ్గడమేంటి?"

"మొన్న ఎక్కాను ఆ కాటా. యాభై రెండు చిల్లర చూపించింది. నాకెప్పుడూ యాభై ఎనిమిది తగ్గింది లేదు. మా అక్క కూడా ఇట్లాగే తగ్గి తగ్గి మంచం పట్టింది. రెండు రోజులుగా ఎవరితోనూ చెప్పుకోలేక మింగుతున్నాను."

పెద్దావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బఠానీల గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. భయం నిజమైనది. ఆవిడ ఈ రెండు రోజులూ తన చీరలు ఎవరికి ఏది ఇవ్వాలో కూడా ఆలోచించి పెట్టుకుంది.

తల్లి టేపు మెడలో వేసుకుంది. మూలన ఉన్న కాటా వైపు చూసింది. దుకాణాల్లో ఉండే లాంటి చదును స్టీలు పలక, పైన అంకెల డబ్బా. ఇంట్లో వారం వారం బరువు చూడాలని డాక్టరమ్మ చెప్పగానే, మామూలు కాటాలు దండగ అని మొగుడు తన షాపు నుంచి స్వయంగా మోసుకొచ్చిన కాటా అది.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. తాళం తీసిన చప్పుడైంది. కుట్టు విప్పని పిండి సంచి ఒకటి చంకనెత్తుకుని వచ్చి కాటా మీద పెట్టింది. సంచి మీద పది కేజీలని అచ్చు వేసి ఉంది.

కాటా తొమ్మిది కేజీల తొంభై గ్రాములు చూపించింది.

"ఏమండీ, ఇలా రండి."

ఆయన వచ్చాడు. అంకె చూశాడు. సంచిని కొంచెం జరిపాడు. మళ్ళీ అదే అంకె.

"సంచిలో తక్కువుందేమో."

"కేజీ తక్కువా? సీలు వేసిన సంచిలో?"

"లేకపోతే బ్యాటరీ దిగి ఉంటుంది."

"బ్యాటరీ దిగితే బరువు దిగుతుందా?"

"ఒక్కోసారి."

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ మనిషి తూకం విషయంలో నోరు తెరిచి అబద్ధమాడిన సందర్భం లేదు. ఇప్పుడు రెండు నిమిషాల్లో రెండు ఆడాడు. పిచ్చుక తలెత్తలేదు. తల్లి మొగుడి మొహం వంక చూస్తూ ఉండిపోయింది. అనుమానించడానికి కాదు. డెబ్బై రెండు కేజీల వంద గ్రాములని ఈ సోమవారమే నర్సుకి ఫోన్ చేసి చెప్పింది. డెబ్బై రెండున్నరకి దిగితే చాలు, మందు ఉంటుందన్నారు. దిగిందని ఆ రోజంతా కూనిరాగాలు తీసింది. ఆ అంకె ఇప్పుడు ఏమైనట్టు?

"అయితే నేను తగ్గలేదన్నమాట," అంది నాయనమ్మ. కళ్ళు తుడుచుకుని గిన్నె మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

 తల్లి స్కర్టు పక్కన పెట్టి, పిల్లకి తన పాత గౌను ఒకటి తొడిగింది.

*

బస్సులో ముగ్గురికీ ఒకచోట సీటు దొరకలేదు. తల్లి ముందు కూర్చుంది, ఒళ్ళో ఫైలు. తండ్రీ కూతుళ్ళు రెండు వరుసల వెనక.

"నాన్నా, డబ్బాలో ఇంకో గుడ్డుందా?"

"ఉంది. పదిన్నరకి ఇమ్మంది మీ అమ్మ."

"ఇప్పుడెంతయింది?"

"పదీ ఐదు."

పిచ్చుక కిటికీలోంచి చూసింది. పొద్దున రెండు రొట్టెలు, ఒక గుడ్డు, గ్లాసు పాలు తీసుకుంది. మనకి ఆకలి వచ్చి పోయే చుట్టం. ఆ పిల్లకి అది ఇంట్లో మనిషి. నిద్రలేపేది అదే, పడుకోబోతే పక్కన చేరేది అదే. చిన్నప్పుడు ఒకసారి వంటింట్లో పచ్చి పిండి బుక్కుతూ దొరికింది. పిండి ఎవరైనా తింటారా అని తల్లి అడిగితే, నాకు తెలుసు ఎవరూ తినరని, అయినా ఆగలేకపోయాను అని చెప్పింది. అప్పుడు ఆరేళ్ళు. తాళాలు ఆ రోజే వచ్చాయి.

"ఆసుపత్రిలో కాటా నువ్వు బాగుచేసేదేనా?" అని అడిగింది కాసేపటికి.

"కాదు. అది వేరే వాళ్ళు చూస్తారు."

"అయితే నిజం చెబుతుంది."

తండ్రి పక్కకి తిరిగి చూశాడు. పిల్ల కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీస్తోంది.

"నీకెలా తెలుసు?"

"ఆదివారం పొద్దున నువ్వు లేచేసరికి నేను లేచే ఉంటాను. ఆకలేస్తే నిద్ర పట్టదుగా. తలుపు సందులోంచి కనిపిస్తుంది."

దాచిపెట్టిందంతా ఆ సందులోంచి పోయింది. ఆయన చేసింది పెద్ద విద్యేం కాదు. కాటా అడుగున ఒక మీట ఉంటుంది. అది నొక్కి, సరిగ్గా ఇరవై కేజీల తూకం రాయి పెట్టి, ఇదీ ఇరవై అని కాటాకి నేర్పాలి. ఆ తర్వాత అది ఆ నేర్పిన దాన్నిబట్టే చూపిస్తుంది. ఈయన ఇరవై కేజీల రాయి పక్కన వంద గ్రాముల రాయి ఒకటి పెట్టి, మొత్తం కలిపి ఇరవయ్యే అని నమ్మించాడు. తర్వాతి ఆదివారం ఇంకో వంద. అలా పెరిగి పెరిగి రెండు కేజీల దాకా పోయింది. పైకెక్కిన ప్రతి మనిషీ, ప్రతి సంచీ, అదే వాటాలో తగ్గుతూ వచ్చారు.

ఏదో ఒకరోజు ఆసుపత్రి కాటా ఎక్కాల్సి వస్తుందని తెలియక కాదు. ఆ రోజుకి మందు పనిచేసి పిల్ల నిజంగానే తగ్గుతుంది, అప్పుడు ఒక్కో రాయీ మెల్లగా తీసేయొచ్చు అనుకున్నాడు. తిట్టాలనిపిస్తుంది కదూ? నాకూ అనిపించింది. కాని అంత పనితనమున్న మనిషికి మాత్రమే అంత తెలివితక్కువ ఉపాయం తడుతుంది.

"అమ్మకి చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదురా?"

పిల్ల భుజాలు ఎగరేసింది. ముందు సీట్లోంచి తల్లి వెనక్కి తిరిగి, పదిన్నరయింది, గుడ్డు ఇవ్వండి అంది.

*

వాళ్ళ వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. నర్సు అంకె చూసి, ఫైలు చూసింది.

"చెప్పులు తీసెయ్యమ్మా. మళ్ళీ ఎక్కు."

చెప్పులు తీసి ఎక్కితే డెబ్బై తొమ్మిది కేజీల మూడు వందల గ్రాములు. నర్సు ఇంకేమీ అనకుండా కాగితం మీద రాసి, ముగ్గుర్నీ లోపలికి పంపింది.

డాక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి. మెత్తగా మాట్లాడడం ఆవిడకి రాదు, వచ్చినట్టు నటించడం అసలే రాదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది.

"మొదలుపెట్టినప్పుడు డెబ్బై ఆరున్నరకి కాస్త తక్కువ. సోమవారం మీరు ఫోన్‌లో చెప్పింది డెబ్బై రెండు. ఇవాళ ఇక్కడ డెబ్బై తొమ్మిది దాటింది. మూడు రోజుల్లో ఏడు కేజీలు పెరగడం ఉండదమ్మా."

"మా కాటాలో ఏదో తేడా వచ్చింది డాక్టర్. పొద్దునే తెలిసింది."

"ఇవాళే?"

"ఇవాళే. పిండి సంచి పెట్టి చూశాను."

"చూడండి, నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. తల్లులు మేము సంతోషపడే అంకె చెబుతారు. ఇదేం కొత్త కాదు."

తల్లి మొహం ఎర్రబడింది. "నేను చూసిందే రాశాను. ప్రతి సోమవారం, నా చేత్తో. ఒక్క గ్రాము మార్చలేదు."

మొగుడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆయన చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. పెళ్ళాం మాట పడుతుంటే విన్నాడు. 

"మీరు రాసింది నమ్మే నేను డోసు పెంచలేదు," అంది డాక్టరమ్మ. "మొదటి రోజు చెప్పాను, గుర్తుందా? ఒంట్లో కొవ్వు సరిపడా ఉందని కొవ్వు కణాలే మెదడుకి కబురు పంపుతాయి. ఆ కబురు అందుకునే రిసెప్టర్లు మెదడులో కొన్ని కణాల మీద ఉంటాయి. మీ అమ్మాయికి అందులో ఒక రకం రిసెప్టర్ పుట్టుకతోనే సరిగా తయారవలేదు. కబురు వస్తోంది, అది సగం సగం పట్టుకుంటోంది. అందుకని కడుపు నిండా తిన్నా, పస్తులున్నామనే మెదడు అనుకుంటుంది. ఇంకా తినమంటుంది. పైగా ఉన్నది జాగ్రత్త చెయ్యమని ఒంటిని ఖర్చు కూడా తగ్గించుకోమంటుంది. రెండువైపులా దెబ్బ."

"గుర్తుంది."

"ఈ మందు ఆ రిసెప్టర్‌ని తట్టి లేపుతుంది. బిగుసుకున్న కాలింగ్ బెల్ లాంటిదనుకోండి. కొందరికి మెల్లగా నొక్కితే మోగుతుంది, కొందరికి గట్టిగా నొక్కాలి. అందుకే అతి తక్కువ డోసుతో మొదలుపెట్టి, బరువు తగ్గకపోతే పెంచుతూ పోతాం. మీరేమో వారం వారం తగ్గిందని చెప్పారు. తక్కువ డోసుకే మోగింది కదా అని నేను అక్కడే ఉంచేశాను. పదహారు వారాలూ."

మొగుడి మోకాళ్ళ మీది చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఫోన్‌లో చెప్పే అంకెకీ సూదిలో ఎక్కించే మందుకీ సంబంధముందని ఆయనకి ఈ క్షణందాకా తెలియదు. సూది ఒకటే, మందు ఒకటే, అంకె ఇంట్లో వాళ్ళ మనశ్శాంతికి అనుకున్నాడు.

"ఇప్పుడు పెంచండి డాక్టర్," అంది తల్లి.

"నా చేతిలో లేదు. ఈ మందు పిల్లలకి ఉచితంగా ఇచ్చే కమిటీ వేరే ఉంది. పదహారు వారాల్లో నూటికి ఐదు వంతులు తగ్గాలి. తగ్గకపోతే పనిచెయ్యలేదని రాసి ఆపెయ్యాలి. వరుసలో ఇంకో బిడ్డ ఉంది. రెండింటికల్లా ఈ కాగితం వాళ్ళకి పంపాలి నేను."

"ఆపేస్తే?"

"మళ్ళీ మొదలుపెట్టరు. ఇప్పటికే కాలేయానికి కొవ్వు పట్టింది. షుగర్ గుమ్మం దాకా వచ్చింది. తిండి కొలిచి పెట్టడం మీరు బాగానే చేస్తున్నారు, అది నాకు తెలుసు. దాంతో ఆగేది కాదు ఇది."

అప్పటిదాకా గోళ్ళు చూసుకుంటున్న పిచ్చుక తలెత్తింది.

"ఆపేస్తే నాకు లెక్కల క్లాసు పోతుందా?"

"లెక్కల క్లాసేంటి?"

"మధ్యాహ్నం లెక్కల క్లాసులో ఒక గంటసేపు నాకు తిండి గుర్తురాదు. ఈ మందు మొదలుపెట్టాకే. అంతకుముందు ఎప్పుడూ లేదు. ఆ గంట బాగుంటుంది. పాఠం వినిపిస్తుంది."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "రోజూ?"

"రోజూ. ఆదివారం కూడా అదే టైముకి వస్తుంది."

తల్లి కూతురి వైపు చూసింది. పన్నెండేళ్ళలో పిల్లకి ఆకలి లేని గంట ఒకటి దొరికితే, ఆ సంగతి తనకి తెలియలేదు. బరువెంత అని అడిగింది కాని, ఎలా ఉంది అని అడగలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది. మింగుకుంది.

"అంటే రిసెప్టర్ పలుకుతోంది," అంది డాక్టరమ్మ. "ఇంత చిన్న డోసుకే గంటసేపు పలుకుతోంది. దీన్ని ఆపెయ్యడం..." ఆవిడ మాట మధ్యలో వదిలి డ్రాయరులోంచి ఒక తెల్లకాగితం తీసింది. "ఒక్క దారి ఉంది. ఇంట్లో కాటా తప్పు చూపించడం వల్లే నేను డోసు పెంచలేదని రుజువుండాలి. లైసెన్సున్న మెకానిక్ ఎవరైనా ఆ కాటాని పరీక్షించి రాసిస్తే, ఇంకో పదహారు వారాలు అడగగలను."

"ఈయనే," అంది తల్లి వెంటనే. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆవిడ గొంతులో జీవమొచ్చింది. "మా ఆయన కాటాల మెకానిక్కే. లైసెన్సు జేబులోనే ఉంది. చెప్పరేమండీ?"

"ఇంకేం, రాసివ్వండి," అని డాక్టరమ్మ కాగితం ఆయన ముందుకి తోసింది.

ఆయన కలం తీసుకున్నాడు. తేదీ వేశాడు. లైసెన్సు నంబరు వేశాడు. లోపలి సెన్సర్ పాడై తక్కువ చూపించింది. ఈ ఒక్క వాక్యం చాలు. కమిటీలో కాటాల సంగతి తెలిసినవాళ్ళు ఉండరు. పిల్లకి మందు దక్కుతుంది, పెళ్ళాం మీద మచ్చ పోతుంది, తనకి తిండి పెట్టే లైసెన్సు మిగులుతుంది. ఎవరికీ నష్టం లేదు. సెన్సర్ అన్న మాట దాకా రాసేశాడు కూడా.

"ఎంత తేడా అన్నది వారాలవారీగా వెయ్యండి," అంది డాక్టరమ్మ.

కలం ఆగింది. "వారాలవారీగానా?"

"మరి? మొదటి వారం నుంచీ తప్పా, మొన్న చెడిపోయిందా? ఏ వారం పిల్ల నిజమైన బరువెంతో తెలిస్తేనే ఎంత డోసుకి వెళ్ళాలో లెక్క కట్టగలను. పన్నెండేళ్ళ పిల్లకి ఉజ్జాయింపు మీద మందు ఎక్కించను నేను. అది తెలియకపోతే ఈ కాగితం చింపెయ్యండి."

ఆయన ఆ వాక్యం వంక చూశాడు. ఉజ్జాయింపుగా వేయొచ్చు. ఇన్నాళ్ళూ తప్పు అంకెలు చూపించినందుకు జరిగిందేమిటో ఎదురుగా కూర్చుని ఉంది, తల్లి గౌను తొడుక్కుని.

రాసిన వాక్యం కొట్టేశాడు. కింద వరసగా రాయడం మొదలుపెట్టాడు. మూడో వారం, ఇరవై కేజీలకి వంద గ్రాములు. నాలుగో వారం, రెండు వందలు. ఐదో వారం, మార్చలేదు. ఆరో వారం, మూడు వందల యాభై. ఆలోచించకుండా, ఆగకుండా రాస్తున్నాడు.

తల్లి పక్కనుంచి చదువుతోంది.

"పొద్దునే కదా తేడా ఉందని తెలిసింది," అంది మెల్లగా. "ఇన్ని వారాలవి మీకెలా తెలుసు?"

ఆయన పదకొండో వారం దగ్గరున్నాడు.

"ఏమండీ. మిమ్మల్నే."

"రాళ్ళు పెట్టింది నేనే."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత అర్థమైంది.

"ఫోన్ చేసి చెప్పేదాన్ని," అంది. గొంతు పెంచలేదు. "తగ్గింది నర్సమ్మా అని చెప్పేదాన్ని. మీరు పక్కనే కూర్చుని టీ తాగేవాళ్ళు. ఇందాక నేను అబద్ధాలకోరునని ఈవిడ అంటుంటే కూడా కూర్చున్నారు. పొద్దున మీ అమ్మని దొంగని చేశాను."

"నిజమే."

"ఎందుకు?"

"రెండో సోమవారం గుర్తుందా? నాలుగు వందలు పెరిగిందని బీరువాకి ఇంకో తాళం తెచ్చావు. పిల్లని కాటా మీదే నిలబెట్టి, ఏం తిన్నావో చెబితేగాని దిగొద్దన్నావు." కలం మీదనుంచి చూపు తియ్యకుండా చెప్పాడు. "తర్వాతి ఆదివారం అది రోజంతా మంచినీళ్ళు తాగలేదు. ఎందుకమ్మా అంటే, నీళ్ళకి కూడా బరువొస్తుంది నాన్నా అంది. నాకు చేతనైన పని ఒక్కటే. అదే చేశాను. దానివల్ల మందు పెంచకుండా ఉంచేస్తారని తెలియదు. తెలిస్తే చెయ్యి విరగ్గొట్టుకునేవాణ్ణి."

తల్లి ఏదో అనబోయింది. ఈలోగా పిచ్చుక అందుకుంది.

"నాన్నని తిట్టకు. నాకు కూడా తెలుసు."

"నీకు తెలుసా? నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదా? నీ బరువు గురించే కదే ఇదంతా. నీ మందు గురించే కదా."

"చెబుదామనే అనుకున్నా." పిల్ల గౌను అంచు వేలికి చుట్టుకుంది. "కాని సోమవారం నువ్వు నవ్వుతున్నావు కదమ్మా. నన్ను చూసి."

 వరండాలో ఎవరి పేరో పిలిచారు. ఎవరో వెళ్ళారు. ఆయన పదహారో వారం దాకా రాసి, కింద సంతకం పెట్టి, కాగితం తిప్పి డాక్టరమ్మ ముందు పెట్టాడు.

ఆవిడ రెండుసార్లు చదివింది.

"ఇది పంపిస్తాను. ఆశ పెట్టుకోమని మాత్రం చెప్పను. ఇలాంటి ఇంటికి మళ్ళీ మందు ఎందుకివ్వాలని అడుగుతారు. వాళ్ళు అడక్కపోయినా, లైసెన్సు నంబరున్న కాగితం ఇది. తూనికల శాఖ దాకా పోవచ్చు. తెలుసుగా?"

"తెలుసు."

"మీ బతుకుతెరువు."

"తెలుసండీ."

డాక్టరమ్మ కంప్యూటర్‌లోంచి ఇంకో ఫారం తీసి ముందుపెట్టింది. పైనున్నవన్నీ తనే నింపింది. ఆఖరి గడి దగ్గర ఆగింది.

"ఇంట్లో పిల్ల బరువు చూసి మాకు చెప్పే బాధ్యత ఒక్కరి మీద ఉండాలి. పేరు, సంతకం. ఇది ఖాళీగా ఉంటే కమిటీ కాగితమే తీసుకోదు. ఆయన పేరు నేను రాయలేను." కలం తల్లి చేతికిచ్చింది. "కానివ్వండమ్మా. టైము లేదు."

తల్లి కలం పట్టుకుంది. తన పేరులో మొదటి అక్షరం పెట్టబోయి, కూతురి వైపు చూసింది. పిల్ల ఆవిడ చేతిని కాదు, మొహాన్ని చూస్తోంది. ప్రతి సోమవారం కాటా మీద నిలబడి, అంకె కంటే ముందు చూసేది ఆ మొహాన్నేనని ఆవిడకి ఇప్పుడు తెలిసింది.

కలం బల్ల మీద పెట్టేసింది.

"నా పేరు కూడా వద్దు డాక్టర్. నా మొహం చూసే వీళ్ళిద్దరూ నా దగ్గర దాచారు."

"మరి ఎవరిది రాయమంటారు?"

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఆయన నేలవైపు చూశాడు. గోడ మీద గడియారం రెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆఖరి గడిలో ఇంకా ఎవరి పేరూ లేదు.